చూపులో మార్పులు – మెదడు సంకేతాలు: తెలుగు వాడుకమాటల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

చూపు మసకబారినా, వస్తువులు రెండుగా కనిపించినా, కళ్ల ముందు మెరుపులు కదిలినా దోషం కంటిదేనని భావించడం సహజం. కానీ చూడటం అనే క్రియలో కన్ను తొలి మజిలీ మాత్రమే. కంటి నుంచి మెదడు వెనుక భాగం వరకు సాగే దారిలో ఎక్కడ లోపం కలిగినా దాని ఫలితం చూపులోనే బయటపడుతుంది. ఆ మార్పు ఒక కంటిదా రెండు కళ్లదా, ఎంత కాలంలో వచ్చింది, ఉన్న దృశ్యం పోయిందా లేని దృశ్యం కనిపిస్తోందా, దానికి తోడుగా ఏ లక్షణాలున్నాయి అనే నాలుగు ప్రశ్నలు దోషస్థానాన్నీ తీవ్రతనూ సూచిస్తాయి. చూపును గురించిన తెలుగు వాడుకమాటలు ఈ తేడాలను ఎలా మరుగుపరుస్తున్నాయో, రోగి చేసే వర్ణన స్పష్టమైతే నాడీవ్యాధులను ఎంత ముందుగా అనుమానించవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దృశ్యక్షేత్రం, దృక్ నాడి, పక్షవాతం, పార్శ్వపు నొప్పి, ద్విదృష్టి, వైద్యపరిభాష, వాడుకభాష.

1. ప్రవేశిక

తెలుగులో చూపుకు సంబంధించిన పలుకుబడులు చాలావరకు కంటిని ఆశ్రయించుకొని ఏర్పడినవే. కళ్లు తిరగడం, కళ్లు బైర్లు కమ్మడం, కళ్లు మసకలు కమ్మడం, కంటికి పొర రావడం వంటివి నిత్యవ్యవహారంలో వినిపించేవే. నలభై ఏళ్లు దాటినవారికి దగ్గరి అక్షరాలు కనిపించకపోతే చత్వారం అంటాం. సందె వేళ చూపు తగ్గితే రేచీకటి అంటాం. దూరపు వస్తువు పోల్చుకోలేకపోతే చూపు ఆనడం లేదంటాం. చత్వారం, రేచీకటి వంటి మాటలు ఒక్కొక్క స్థితినే స్పష్టంగా సూచిస్తాయి. కొన్ని మాటలు మాత్రం ఒకదానితో ఒకటి సంబంధం లేని అనేక స్థితులను తమలో కలుపుకొన్నాయి.

'కళ్లు తిరుగుతున్నాయి' అనే వాక్యాన్నే పరిశీలిద్దాం. రక్తపోటు పడిపోయి స్పృహ తప్పబోయే వ్యక్తీ, చెవి లోపలి సమతౌల్య వ్యవస్థ దెబ్బతిని పరిసరాలు గిర్రున తిరుగుతున్నట్లు అనిపించే వ్యక్తీ, మెదడు వెనుక భాగానికి రక్తప్రసారం తగ్గిన వ్యక్తీ ఇదే వాక్యం పలుకుతారు. రెండు దృశ్యాలు ఒకదానిపై ఒకటి పడి చూపు చెదిరిన వ్యక్తి కూడా కొన్నిసార్లు ఇదే అంటాడు. వాక్యం ఒకటే, వ్యాధులు నాలుగు.

ఇది భాష లోపం కాదు. వాడుకమాట పుట్టింది అనుభవాన్ని పంచుకోవడానికే గాని రోగనిర్ణయానికి కాదు. అయితే వైద్యుడికి అందే మొదటి సాక్ష్యం రోగి చెప్పే వాక్యమే. పరీక్షలూ స్కానింగులూ ఆ వాక్యం చూపిన దిశలోనే మొదలవుతాయి. కనుక ఆ వాక్యంలో ఏం ఉండాలో తెలుసుకోవడం వైద్యులకే పరిమితమైన విషయం కాదు.

2. చూపు ప్రయాణించే దారి

కంటిలోకి ప్రవేశించిన కాంతి నేత్రపటలంపై పడి నాడీసంకేతాలుగా మారుతుంది. ఒక్కొక్క కంటి నుంచి సుమారు 10 నుంచి 12 లక్షల తంతువులు కలిసి దృక్ నాడిగా మెదడు వైపు సాగుతాయి. పీయూషగ్రంథికి కొంచెం పైన రెండు నాడులూ ఆప్టిక్ కయాస్మా అనే కూడలిలో కలుస్తాయి. అక్కడ ప్రతి కంటిలోనూ ముక్కు వైపు సగం నుంచి వచ్చే తంతువులు అవతలి పక్కకు దాటుతాయి. కణత వైపు సగానివి తమ పక్కనే ఉండిపోతాయి. కూడలి దాటాక సంకేతాలు థాలమస్‌లోని ఒక కేంద్రాన్ని చేరి, అక్కడి నుంచి మెదడు వెనుక భాగమైన ఆక్సిపిటల్ లోబ్‌కు వెళ్తాయి.

ఈ అమరిక వల్ల ఒక ముఖ్యమైన ఫలితం కలుగుతుంది. మన ముందున్న దృశ్యంలోని కుడి సగం, ఏ కంటితో చూసినా, ఎడమ మెదడుకు చేరుతుంది. ఎడమ సగం కుడి మెదడుకు చేరుతుంది. అంటే కూడలికి ముందు విభజన కన్నుల వారీగా ఉంటే, కూడలి తరువాత పక్కల వారీగా ఉంటుంది.

ఈ సత్యం ఒక్కసారిగా తెలిసింది కాదు. 1704లో వెలువడిన 'ఆప్టిక్స్' గ్రంథంలో ఐజాక్ న్యూటన్ నాడీతంతువులు సగం సగంగా కలుస్తాయన్న ఊహను ప్రశ్నరూపంలో ముందుంచాడు. 1824లో ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త విలియం హైడ్ వొలాస్టన్ తన స్వానుభవాన్నే ఆధారంగా తీసుకొని ఒక పత్రం ప్రచురించాడు. ఒకసారి అతనికి హఠాత్తుగా ఎదుటి మనిషి ముఖంలో సగమే కనిపించింది. ఒక తలుపు మీద జాన్సన్ అనే పేరు చదవబోతే చివరి భాగం మాత్రమే కంటికి ఆనింది. ఏ కన్ను మూసినా లోపం అలాగే ఉండటం గమనించి, రెండు కళ్లలోని ఒకే పక్క భాగాలకు ఉమ్మడి నాడీమార్గం ఉండాలని అతడు తర్కించాడు. అతడు 1828లో మరణించిన తరువాత జరిగిన శవపరీక్షలో మెదడులో కణితి బయటపడింది.

మెదడు వెనుక భాగంలో ఏ బిందువు దృశ్యంలోని ఏ బిందువుకు సంబంధించినదో నిరూపించే పటాన్ని జపాన్ నేత్రవైద్యుడు తత్సుజీ ఇనోయే 1909లో ప్రకటించాడు. రష్యా – జపాన్ యుద్ధంలో తలకు తూటా తగిలి బతికిన సైనికుల చూపులోని ఖాళీలను కొలిచి అతడు ఆ పటం రూపొందించాడు. చూపులో ఏర్పడిన లోపం మెదడులో దోషం ఉన్న చోటును చూపగలదన్న సూత్రం ఈ విధంగా స్థిరపడింది.

3. మొదటి ప్రశ్న: ఒక కన్నా, ఒక పక్కా?

ఎడమ మెదడు వెనుక భాగంలో రక్తనాళం పూడుకుపోయిన వ్యక్తికి రెండు కళ్లలోనూ కుడి పక్క దృశ్యం పోతుంది. కానీ ఆ వ్యక్తి సాధారణంగా 'నా కుడికన్ను కనిపించడం లేదు' అనే చెబుతాడు. ఆ మాటను యథాతథంగా తీసుకుంటే పరీక్ష కుడికంటికే పరిమితమవుతుంది. కన్ను ఆరోగ్యంగా ఉందని తేలడంతో రోగి ఇంటికి తిరిగి వస్తాడు. మెదడులోని దోషం మాత్రం అక్కడే మిగులుతుంది.

దీన్ని వేరుచేసే పరీక్షకు పరికరాలేవీ అవసరం లేదు. ఒక్కొక్క కన్నును అరచేతితో పూర్తిగా మూసి, తెరిచిన కంటితో ఎదుటి గోడపై ఒకే బిందువును చూడాలి. ఒక కన్ను మూసినప్పుడు లోపం పూర్తిగా మాయమైతే దోషం ఆ కంటిలో గాని దాని దృక్ నాడిలో గాని ఉంది. ఏ కన్ను మూసినా ఒకే పక్క ఖాళీ మిగిలితే దోషం కూడలికి వెనుక, మెదడులో ఉంది.

చదవడంలో కలిగే ఇబ్బంది కూడా ఈ తేడాను తెలుపుతుంది. తెలుగు వంటి ఎడమ నుంచి కుడికి సాగే లిపిలో, కుడి పక్క చూపు పోయినవారికి రాబోయే పదం కనిపించక పఠనం అడుగడుగునా ఆగుతుంది. ఎడమ పక్క చూపు పోయినవారు పంక్తిని చివరి దాకా చదవగలిగినా తరువాతి పంక్తి మొదలును పట్టుకోలేక తడబడతారు. అక్షరాలు మసకగా లేవు, కానీ చదవడం సాగడం లేదు అనే ఫిర్యాదును కళ్లజోడు సమస్యగా భావించడం తగదు.

కూడలి వద్దే ఒత్తిడి పడితే లోపం మరో రూపంలో ఉంటుంది. పీయూషగ్రంథిలో పెరిగే కణితి కింది నుంచి కూడలిని నొక్కినప్పుడు, మధ్యలో దాటే తంతువులు ముందుగా దెబ్బతింటాయి. ఫలితంగా రెండు కళ్లలోనూ బయటి పక్కల చూపు తగ్గుతుంది. ఎదురుగా ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది కనుక రోగి చాలాకాలం గుర్తించడు. తలుపు రెక్కలకు భుజాలు తగలడం, రోడ్డు మీద పక్క నుంచి వచ్చే వాహనాలు హఠాత్తుగా ప్రత్యక్షమైనట్లు అనిపించడం తొలి సూచనలు. స్త్రీలలో నెలసరి ఆగిపోవడం, చనుపాలు స్రవించడం వంటి హార్మోను మార్పులు దీనికి తోడైతే అనుమానం బలపడుతుంది.

ఒకే వస్తువు రెండుగా కనిపించే ద్విదృష్టిలోనూ కన్ను మూసి చూడటమే తొలి మెట్టు. ఒక కన్ను మూసినా తెరిచిన కంటితో వస్తువు రెండుగానే కనిపిస్తే కారణం సాధారణంగా ఆ కంటిలోని శుక్లం గాని కార్నియా లోపం గాని అవుతుంది. ఏ కన్ను మూసినా వస్తువు ఒకటిగా మారితే రెండు కళ్లూ ఒకే దిశలో నిలవడం లేదని అర్థం. అప్పుడు కనుగుడ్డును కదిపే కండరాలను, వాటిని నడిపే కపాలనాడులను, మెదడు కాండాన్ని పరిశీలించాలి. మధుమేహం ఉన్నవారిలో ఈ నాడుల్లో ఒకటి చచ్చుబడి, చాలామందిలో కొన్ని నెలల్లో కోలుకోవడం కద్దు. కానీ ద్విదృష్టితో పాటు రెప్ప వాలి, కనుపాప పెద్దదై, తీవ్రమైన తలనొప్పి ఉంటే మెదడు రక్తనాళం ఉబ్బి మూడో కపాలనాడిని నొక్కుతూ ఉండవచ్చు. ఆ ఉబ్బు పగిలితే ప్రాణాపాయం కనుక గంటల ఆలస్యం కూడా పనికిరాదు. ఉదయం బాగుండి సాయంత్రానికి రెప్ప వాలడం, ద్విదృష్టి పెరగడం, విశ్రాంతితో తగ్గడం అనే క్రమం మయస్థీనియా గ్రావిస్ అనే నాడీకండర సంధి వ్యాధిని సూచిస్తుంది.

4. రెండో ప్రశ్న: ఎంత కాలంలో?

చూపులో మార్పు వచ్చిన వేగం దాని కారణాన్ని సూచిస్తుంది. సెకన్లు, నిమిషాలు, రోజులు, నెలలు అనే కొలతలు ఒక్కొక్కటి ఒక్కొక్క రకం దోషానికి చెందుతాయి.

4.1 సెకన్లు: వంగి లేచినప్పుడు కొన్ని సెకన్ల పాటు చూపు నల్లబడి తిరిగి రావడాన్ని బైర్లు కమ్మడం అంటాం. చాలాసార్లు ఇది రక్తపోటు క్షణకాలం తగ్గడం వల్ల కలిగేదే. అయితే ఇది రోజూ పలుమార్లు జరుగుతూ, పడుకున్నప్పుడు పెరిగే తలనొప్పి, చెవిలో గుండె లయతో కూడిన హోరు తోడైతే తలలోపలి పీడనం పెరిగిందేమో చూడాలి. అధిక బరువున్న యువతుల్లో స్పష్టమైన కారణం లేకుండానే ఈ పీడనం పెరిగే వ్యాధి ఒకటుంది. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం, కణితి, క్షయ సంబంధమైన మెదడుపొరల వాపు కూడా కారణాలు కావచ్చు. హెల్మ్‌హోల్ట్జ్ 1851లో ప్రకటించిన ఆప్తాల్మోస్కోపు ద్వారా కంటి వెనుక చూస్తే దృక్ నాడి మొదలు వాచి ఉండటం కనిపిస్తుంది. దీన్ని గుర్తించకపోతే చూపు శాశ్వతంగా పోవచ్చు. కళాశాల విద్యార్థినుల్లో నిరంతర తలనొప్పిని పరీక్షల ఒత్తిడిగా కొట్టిపారేయకూడదని చెప్పడానికి ఇదొక్క కారణం చాలు.

4.2 నిమిషాలు: ఒక కంటిపై తెర దిగినట్లు హఠాత్తుగా చీకటి కమ్మి, కొన్ని నిమిషాల్లో తొలగిపోవడం మరో స్థితి. నొప్పి ఉండదు. మెడలోని కెరోటిడ్ ధమని గోడకు పట్టిన కొవ్వుపూత నుంచి చిన్న తునక విడివడి కంటి రక్తనాళంలో చిక్కుకోవడం దీనికి ప్రధాన కారణాల్లో ఒకటి. కెనడాకు చెందిన నాడీవైద్యుడు సి. మిల్లర్ ఫిషర్, ఇలాంటి దాడి జరుగుతుండగానే నేత్రపటల రక్తనాళాల్లో తెల్లని తునకలు కదిలిపోవడాన్ని పరిశీలించి 1959లో ప్రచురించాడు. చూపు తిరిగి వచ్చింది కదా అన్న ఊరటే ఇక్కడి ప్రమాదం. అదే ధమని నుంచి వెలువడే తరువాతి తునక మెదడుకు వెళ్తే పక్షవాతం వస్తుంది. తాత్కాలిక రక్తప్రసార లోపం తరువాత ఆ ముప్పు తొలి రెండు రోజుల్లోనే అత్యధికం. కాబట్టి తగ్గిపోయిన లక్షణాన్ని కూడా అత్యవసరంగానే పరిగణించాలి.

4.3 రోజులు: కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల వ్యవధిలో ఒక కంటి చూపు మసకబారుతూ, కన్ను కదిపినప్పుడు లోపల నొప్పి కలుగుతూ, రంగులు వెలిసినట్లు కనిపిస్తే దృక్ నాడి వాపును అనుమానించాలి. ఒక కంటితో చూస్తే కుంకుమ ఎర్రగానూ మరో కంటితో చూస్తే వెలిసిన ఇటుక రంగులోనూ కనిపించడం ఇందులో తరచు కనిపించే లక్షణం. వేడినీటి స్నానంతో, వ్యాయామంతో చూపు తాత్కాలికంగా తగ్గడాన్ని జర్మన్ వైద్యుడు వుథాఫ్ 1890లో వర్ణించాడు. ఈ వాపు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీవ్యాధికి తొలి సూచన కావచ్చు. అమెరికాలో దృక్ నాడి వాపు రోగులను 15 ఏళ్ల పాటు అనుసరించిన పరిశోధనలో సగం మందికి ఆ వ్యాధి వచ్చింది. తొలి ఎంఆర్ఐలో మెదడులో మచ్చలు లేనివారిలో 25 శాతం, ఒకటి లేదా అంతకు మించి ఉన్నవారిలో 72 శాతం మంది దాని బారిన పడ్డారు. భారతీయ రోగులలో ప్రతిరక్షకాల వల్ల కలిగే న్యూరోమైలైటిస్ ఆప్టికా వంటి ఇతర వ్యాధులనూ పరీక్షించవలసి ఉంటుంది. వాటి చికిత్స వేరు కనుక రోగం పేరు కచ్చితంగా తేలడం ముఖ్యం.

4.4 వారాలు, నెలలు: రెండు కళ్లలోనూ నొప్పి లేకుండా క్రమంగా చూపు తగ్గుతూ, ఎరుపు – ఆకుపచ్చ తేడా మందగిస్తుంటే వాడుతున్న మందుల జాబితా చూడాలి. మన దేశంలో క్షయ చికిత్సలో వాడే ఎథాంబ్యుటాల్ కొందరిలో దృక్ నాడిని దెబ్బతీస్తుంది. మోతాదు, వాడిన కాలం, మూత్రపిండాల బలహీనత ఈ ముప్పును పెంచుతాయి. లక్షణం కనిపించిన రోజే చికిత్సా కేంద్రానికి తెలపాలి. వైద్యులు ఆ ఒక్క మందును ఆపి మార్గం సూచిస్తారు. భయంతో మందులన్నీ సొంతంగా మానేస్తే క్షయ ముదురుతుంది. చెప్పకుండా కొనసాగిస్తే చూపు పోతుంది. ఇక్కడ రోగి నోటి మాటే రక్షణ.

5. మూడో ప్రశ్న: ఉన్నది పోయిందా, లేనిది కనిపిస్తోందా?

చూపులోని మార్పులు రెండు విధాలు. ఉన్న దృశ్యంలో కొంత మాయమవడం ఒకటి. లేని వెలుగులు, గీతలు, రూపాలు కనిపించడం మరొకటి. మొదటిది ఎక్కువగా రక్తప్రసారం ఆగడాన్ని గాని నాడి దెబ్బతినడాన్ని గాని సూచిస్తుంది. రెండోది నాడీకణాలు అతిగా ఉత్తేజితం కావడాన్ని గాని, ఆధారం కోల్పోయి తమంతట తామే పనిచేయడాన్ని గాని తెలుపుతుంది.

పార్శ్వపు నొప్పికి ముందు కొందరికి కనిపించే వెలుగుల వలయం ఇందుకు మంచి ఉదాహరణ. చూపు మధ్యలో చిన్న మచ్చగా మొదలై, కోటగోడ అంచులా వంకరటింకర గీతలతో మిలమిలలాడుతూ ఒక పక్కకు విస్తరిస్తుంది. అది నడిచిన చోట కాసేపు ఖాళీ మిగులుతుంది. సాధారణంగా 5 నుంచి 60 నిమిషాల్లో తొలగిపోతుంది. ఆంగ్ల వైద్యుడు హ్యూబర్ట్ ఎయిరీ తాను చూసిన ఈ ఆకృతులను 1870లో చిత్రాలతో వివరించాడు. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ 1941లో తన అనుభవాన్నే కొలిచి, మెదడు ఉపరితలంపై ఏదో ఒక అలజడి నిమిషానికి 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతూ ఉండాలని లెక్కగట్టాడు. బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావో 1944లో కుందేళ్ల మెదడులో దాదాపు అదే వేగంతో వ్యాపించే విద్యుత్ స్తబ్ధతను గుర్తించాడు. రెండూ ఒకే ప్రక్రియ అన్నది తరువాత బలపడింది.

ఈ నెమ్మదైన వ్యాప్తే పార్శ్వపు నొప్పిని పక్షవాతం నుంచి వేరుచేసే ప్రధాన ఆధారం. పక్షవాతంలో లోపం క్షణంలో వస్తుంది, వచ్చిన చోటే ఉంటుంది, ఎక్కువగా ఖాళీగానే ఉంటుంది. పార్శ్వపు నొప్పిలో వెలుగు పాకుతుంది. అయితే యాభై ఏళ్లు దాటాక మొదటిసారి ఇలాంటి అనుభవం కలిగితే, గంటకు మించి కొనసాగితే, ప్రతిసారీ ఒకే పక్క వస్తుంటే వైద్యపరీక్ష తప్పనిసరి. గుండ్రని రంగుల చుక్కలు కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాల పాటు కనిపించి, తరచుగా ఒకే రూపంలో పునరావృతమైతే మెదడు వెనుక భాగంలో పుట్టే మూర్ఛను అనుమానిస్తారు.

ప్రతి వెలుగూ మెదడుది కాదు. ఒకే కంటి అంచున మెరుపులు మెరిసి, మసి రాలినట్లు కొత్త నలకలు తేలుతూ, పక్క నుంచి నీడ పరుచుకుంటుంటే నేత్రపటలం ఊడుతున్నదని భావించాలి. అది నాడీవైద్యుడి దగ్గరకు కాక వెంటనే నేత్రవైద్యుడి దగ్గరకు వెళ్లవలసిన స్థితి.

వృద్ధుల్లో చూపు బాగా తగ్గాక మనుషులు, పిల్లలు, పూలతీగలు, భవనాలు వంటి స్పష్టమైన రూపాలు కనిపించవచ్చు. స్విట్జర్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ బానె తన తాత అనుభవాన్ని 1760లో నమోదు చేయగా, ఈ స్థితి అతని పేరుతోనే ప్రసిద్ధమైంది. ఆ రూపాలు నిజం కావని చూసేవారికి తెలుసు. వాటికి శబ్దం ఉండదు. కంటి నుంచి సంకేతాలు అందని మెదడు తన నిల్వల నుంచి దృశ్యాలు అల్లుతుంది. ఇది మతిభ్రమణ కాదు. పిచ్చి అంటారన్న జంకుతో చాలామంది పెద్దలు దీన్ని ఇంట్లో కూడా చెప్పుకోరు. చూపు బాగానే ఉండి, జ్ఞాపకశక్తి గాని ఏకాగ్రత గాని హెచ్చుతగ్గులవుతూ, నడక మందగించి, నిద్రలో కేకలు వేస్తూ, ఇలాంటి రూపాలు కనిపిస్తే మాత్రం లూయీ బాడీ డిమెన్షియా అనే వ్యాధిని పరిశీలించాలి. కనిపించేది ఒకటే అయినా అర్థం వేరు.

6. నాలుగో ప్రశ్న: తోడుగా ఏమున్నాయి?

పక్షవాతం అనగానే మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం గుర్తుకు వస్తాయి. ప్రజల్లో ప్రచారమైన హెచ్చరిక సూత్రాలు కూడా ఎక్కువగా వీటినే చెప్పాయి. మెదడు వెనుక భాగానికి రక్తం అందించే నాళాలు పూడుకున్నప్పుడు ఈ మూడూ లేకుండా చూపు, సమతౌల్యం మాత్రమే దెబ్బతినవచ్చు. 2017లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ముఖం, చేయి, మాట అనే మూడు లక్షణాలతో మాత్రమే వెతికితే పక్షవాత రోగుల్లో 14.1 శాతం మంది తప్పిపోయారు. సమతౌల్యం, చూపు అనే రెండింటినీ చేర్చితే ఆ సంఖ్య 4.4 శాతానికి తగ్గింది. రెండు మాటలు చేర్చడంతో కలిగిన తేడా ఇది.

రక్తపు గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇవ్వాలి. కాబట్టి హఠాత్తుగా ఒక పక్క దృశ్యం పోయినా, వస్తువులు రెండుగా కనిపిస్తూ నడక తూలినా, చూపు మార్పుతో పాటు మాట తడబడినా, ఒంటిలో ఒక పక్క తిమ్మిరెక్కినా కళ్లద్దాల దుకాణానికి గాని మరునాటి అపాయింట్‌మెంటుకు గాని సమయం లేదు. 108 వాహనాన్ని పిలిచి, పక్షవాత చికిత్స అందించే ఆసుపత్రికి చేరాలి. లక్షణం మొదలైన గడియారపు వేళను గుర్తుంచుకొని చెప్పాలి.

యాభై ఏళ్లు దాటినవారిలో కొత్తగా వచ్చిన తలనొప్పి, దువ్వుకుంటే కణతల వద్ద నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి చూపు తగ్గడానికి తోడైతే ధమనుల వాపును శోధిస్తారు. మన దేశంలో ఇది అరుదైనదే. అయినా ఒక కన్ను పోయిన తరువాత చికిత్స ఆలస్యమైతే రెండో కన్నూ పోయే ప్రమాదం ఉంది కనుక మరచిపోదగినది కాదు.

7. అద్దాలు మార్చినా తీరని ఇబ్బంది

నాలుగు ప్రశ్నలకూ సులభంగా లొంగని స్థితి కూడా ఒకటుంది. కంటి పరీక్షలో అక్షరాలన్నీ చదవగలిగిన వ్యక్తి, బల్లమీద ఎదురుగా ఉన్న చెంచాను గుర్తించలేకపోవచ్చు. మెట్టు లోతు అంచనా వేయలేక కాలు తడబడవచ్చు. పేజీలో పంక్తి వెంట పంక్తి చదవలేకపోవచ్చు. చొక్కాలో చేయి ఎటు దూర్చాలో తెలియక తికమకపడవచ్చు. ఇలాంటివారు రెండు మూడు సార్లు కళ్లజోడు మార్చి, కొన్నిసార్లు శుక్లాల శస్త్రచికిత్స కూడా చేయించుకొని, ఫలితం లేక ఏళ్లు గడుపుతారు. మెదడు వెనుక భాగం క్రమంగా క్షీణించే ఈ స్థితిని అమెరికా నాడీవైద్యుడు ఫ్రాంక్ బెన్సన్ బృందం 1988లో వర్ణించింది. చాలామందిలో దీని మూలం ఆల్జైమర్స్ వ్యాధే. జ్ఞాపకశక్తి మొదట్లో బాగానే ఉండటం వల్ల ఆ అనుమానం ఎవరికీ రాదు. ఆంగ్ల నవలాకారుడు టెర్రీ ప్రాచెట్ తనకు ఈ రూపం ఉన్నట్లు 2007లో వెల్లడించి, ఆ తరువాత కూడా రచన కొనసాగించాడు.

వృత్తిరీత్యా చదవడం, రాయడం చేసేవారిలో ఈ లోపం ముందుగా బయటపడుతుంది. అధ్యాపకుడు జవాబుపత్రాల్లో మార్కులు కూడలేకపోవడం, తెలిసిన పదాన్ని సైతం అక్షరాలుగా విడదీసి చదవడం అలసటగా భావించి వదిలేయదగిన మార్పులు కావు.

8. వాడుకమాట నుంచి వర్ణనకు

పై చర్చను బట్టి వాడుకమాటలను విడనాడనవసరం లేదు. వాటి వెనుక ఒక్కొక్క ప్రశ్న చేర్చితే చాలు.

'కళ్లు తిరుగుతున్నాయి' అన్నప్పుడు: పరిసరాలు తిరుగుతున్నాయా, స్పృహ తప్పేటట్లుందా, నడక తూలుతోందా, రెండుగా కనిపిస్తోందా?

'బైర్లు కమ్మాయి' అన్నప్పుడు: ఒక కంటికా రెండింటికా, ఎన్ని సెకన్లు లేదా నిమిషాలు, లేచినప్పుడేనా, తెర దిగినట్లు వచ్చిందా?

'చూపు ఆనడం లేదు' అన్నప్పుడు: అక్షరాలు మసకగా ఉన్నాయా, ఒక పక్క ఖాళీగా ఉందా, రంగులు వెలిశాయా, కనిపిస్తున్నా పోల్చుకోలేకపోతున్నారా?

'మెరుపులు వస్తున్నాయి' అన్నప్పుడు: ఒక కంటిలోనా, కన్ను మూసినా ఉన్నాయా, పాకుతున్నాయా, ఎంతసేపు?

ఈ ప్రశ్నల్లో ఏదీ పారిభాషిక పదం మీద ఆధారపడలేదు. వైద్యపరిభాషను తెలుగులోకి తేవడం గురించి మన విశ్వవిద్యాలయాల్లో చర్చ ఎక్కువగా సమానార్థక పదాల చుట్టూ తిరుగుతోంది. దృక్ నాడి అనాలా, ఆప్టిక్ నెర్వ్ అనాలా అనేది అవసరమైన చర్చే. అయితే రోగికి కావలసింది అవయవం పేరు కన్నా అనుభవాన్ని విడమరచే వాక్యం. ఆరోగ్య కరపత్రాలు రాసేవారు, అనువదించేవారు, గ్రామస్థాయి ఆరోగ్య కార్యకర్తలకు పాఠాలు రూపొందించేవారు ఈ భేదాన్ని గమనిస్తే ప్రయోజనం ఎక్కువ. 'చూపులో తేడా వస్తే వైద్యుని సంప్రదించండి' అనే వాక్యం తప్పు కాదు గాని, ఎవరినీ సరైన సమయంలో కదిలించదు. 'ఒక కంటి మీద తెర దిగి, తిరిగి తొలగినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి' అనే వాక్యం కదిలిస్తుంది.

9. ముగింపు

చూపు కంటిలో మొదలై మెదడులో పూర్తవుతుంది. కూడలికి ముందు దోషం ఒక కంటిని, కూడలి వెనుక దోషం ఒక పక్కను దెబ్బతీస్తుంది. హఠాత్తుగా వచ్చే లోపం రక్తప్రసారాన్ని, రోజుల్లో పెరిగేది వాపును, నెలల్లో పెరిగేది ఒత్తిడిని గాని విషప్రభావాన్ని గాని, ఏళ్ల మీద సాగేది క్షీణతను ఎక్కువగా సూచిస్తాయి. పాకే వెలుగుకూ నిలిచిపోయే ఖాళీకీ అర్థాలు వేరు. ఇవి రోగనిర్ణయానికి ప్రత్యామ్నాయాలు కావు. ఏ వైద్యుడి దగ్గరకు, ఎంత త్వరగా వెళ్లాలో తెలిపే సూచికలు.

చూపు కోల్పోయే ముప్పున్న వ్యక్తికి చాలా సందర్భాల్లో తొలి అవకాశం స్కానింగు గదిలో కాక ఇంటి వరండాలోనో తరగతి గదిలోనో దొరుకుతుంది. అక్కడ పక్కనున్నవారు 'ఏ కన్ను? ఒకసారి మూసి చూడండి. ఎప్పుడు మొదలైంది?' అని అడగగలిగితే, వైద్యుడికి అందే సాక్ష్యం సగం సిద్ధమైనట్లే.